పుల్ల విరిచిన ముచ్చట

మా కులంలో మొగుడూ పెళ్లాలు విడిపోవాలంటే కోర్టుకు పోయే పని ఉండేది కాదు. కులపెద్ద ఇద్దరినీ సంఘం ముందు కూర్చోబెట్టి, ఒక ఎండుపుల్ల తెచ్చి, చెరో కొస పట్టుకోమనేవాడు. ఇద్దరూ చెరోపక్క వంచితే పుల్ల విరిగేది. ఎవరి ముక్క వాళ్లు వెనక్కి పారేసేవాళ్లు. అప్పుడు కులపెద్ద లేచి, "ఇయ్యాల్టితోని ఈ ముచ్చట సచ్చింది. మల్ల ఎవల నోట్లెకెళ్లి వస్తే వాళ్లకే తప్పు" అనేవాడు. తప్పు అంటే కులం మొత్తాన్ని పిలిచి బువ్వ పెట్టడం. ఆ తర్వాత ఆ ఆడమనిషి మారుమనువు చేసుకున్నా, మొదటి పెళ్లి జరగనట్టే. అందరితో పాటు ఆమె కూడా ముత్తైదువే.

ఈ కట్టుబాటును నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. దీన్ని పెట్టిన పెద్దమనుషులు ఏ ఆడదాన్నీ, నీ చెయ్యి ఎందుకు విరిగింది బిడ్డా అని అడిగిన పాపాన పోలేదు. అడగకుండానే పుల్ల తెచ్చేవాళ్లు. కానీ నోరు మూసుకుంటామని చెబితే మాత్రం నిజంగానే మూసుకునేవాళ్లు. అది మంచితనమని కొన్నాళ్లు అనుకున్నాను. బువ్వ పెట్టాల్సి వస్తుందన్న భయమని తర్వాత తెలిసింది.

మా ఇల్లు బోధన్‌లో మగ్గాల గల్లీలో. పేరుకే మగ్గాలు. అవి తాతల కాలంలోనే అటకెక్కాయి. నేను పుట్టేసరికి ప్రతి అరుగు మీదా ఒక చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర. మా అమ్మ గంగమణి ఆ గల్లీలోనే పుట్టింది, ఆ గల్లీలోనే బీడీలు చేసింది. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. మా బాపు చిన్నయ్యది మోస్రా అనే ఊరు. అంగడి అంగడికి తిరిగి రెడీమేడ్ బట్టలు అమ్ముతూ వచ్చి, అవ్వను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు, గోదావరి అని. కాలేజీలో అందరూ ఆ పేరు చూసి నేనేదో ముసలిదాన్నని అనుకునేవాళ్లు.

అవ్వ ఎడమచెయ్యి మణికట్టు దగ్గర కొంచెం వంకర. చిన్నప్పుడు ఎవరిని అడిగినా ఒకటే జవాబు, బాయి మెట్ల మీద జారిపడ్డదని. అవ్వ అదే చెప్పేది. పక్కింటి పెంటవ్వ అదే చెప్పేది. కిరాణా దుకాణంలో అడిగినా అదే. నేనూ అంతకు మించి అడగలేదు.

ఆ వంకర చేత్తోనే అవ్వ పెళ్లిళ్లలో పసుపు దంచేది. మా జిల్లా పసుపుకు పుట్టిల్లు, నిజామాబాద్ యార్డులో పసుపు కొమ్ములు గుట్టలు పోసి అమ్ముతారు. అయినా పెళ్లికూతురికి పూసే పసుపు మాత్రం ఇంట్లోనే దంచాలి. రోకలికి పసుపుదారం కట్టి ముత్తైదువలు దంచుతారు. మొదటి పోటు వేసేది చెయ్యి మంచిదని పేరున్న మనిషి. మా గల్లీలో ఆ చెయ్యి మా అవ్వది. ఇంట్లో బియ్యం నిండుకున్నా ఆమెకు అంత దిగులు ఉండేది కాదు గానీ, ఎవరింట్లోనైనా లగ్గం పెట్టుకుని పిలుపు ఆలస్యమైతే మాత్రం వాకిట్లోకి వచ్చి వచ్చి చూసేది. నీకేమన్నా జీతమిస్తరా అని నేను ఏడిపించేదాన్ని.

"జీతం కాదే, గదే నా ఇజ్జత్" అనేది అవ్వ. నాకు నవ్వొచ్చేది. ఆమె మాత్రం నవ్వేది కాదు.

రెండు వేల నాలుగులో లింబాద్రి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టాడు. హైదరాబాద్‌లో కోర్సు చేసి వచ్చినవాడు, మా కులంవాడే, మాటకారి. ప్లైవుడ్ గదుల్లో నాలుగు కంప్యూటర్లు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను మధ్యాహ్నం పూట అక్కడ పనికి కుదిరాను. దుబాయ్‌లో ఉన్న మొగుళ్లకు మెయిల్ కొట్టించుకునే ఆడవాళ్లు, పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లలు వచ్చేవాళ్లు.

లింబాద్రి ఊరుకునే రకం కాదు. సంఘం పెద్దలను కూర్చోబెట్టి, మన కులానికి ఒక వెబ్‌సైటు కావాలన్నాడు. భివండిలో, సూరత్‌లో, సోలాపూర్‌లో, మస్కట్‌లో ఉన్న మనవాళ్లంతా ఒక్కచోట కలుస్తారన్నాడు. కులపెద్ద రాజనర్సుకు వెబ్‌సైటు అంటే తెలియదు గానీ మస్కట్ అంటే తెలుసు. సరేనన్నాడు.

ప్రారంభం రోజు కంప్యూటర్‌కు పసుపూ కుంకుమా పెట్టారు. రాజనర్సు మానిటర్ ముందు కొబ్బరికాయ కొడితే నీళ్లు కీబోర్డు మీద చిందాయి. లింబాద్రి నవ్వలేక ఏడ్వలేక తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ మన మాట గల్లీ దాటలేదు, ఇక దునియా మొత్తం వింటుందని రాజనర్సు ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సైటులో కుల చరిత్ర ఉండేది, సంఘం పెద్దల ఫోటోలు ఉండేవి, ఒక్కో ఫోటో కింద ఎవరైనా తమ అభిప్రాయం రాసుకునే చోటు ఉండేది. అది పేరు అడగదు, ఊరు అడగదు. ఎవరు ఏ పేరు పెట్టుకున్నా చెల్లుతుంది. మొదట్లో అన్నీ నమస్కారాలే. రోజూ సాయంత్రం రాజనర్సు వచ్చి స్టూలు మీద కూర్చుని, ఇయ్యాల ఎవలు రాసిండ్రు బిడ్డా అని అడిగేవాడు. మస్కట్ తమ్ముళ్లు పెద్దమనిషికి దండాలు పెట్టారని చదివితే, మళ్లీ చదవమనేవాడు. మనిషి నడకే మారిపోయింది. గల్లీలో పంచాయితీ తీర్పు చెప్పినప్పుడల్లా లింబాద్రి వైపు తిరిగి, గిది నెట్ల పెట్టు అనేవాడు. ఎవరికి తప్పు వేశారో, ఎందుకు వేశారో పక్కరోజుకల్లా సోలాపూర్ దాకా తెలిసేది. బోధన్ పంచాయితీ అంటే ఇట్లా ఉండాలని అక్కడివాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మెచ్చుకోళ్లకు అలవాటు పడ్డాడు ముసలాయన.

మరుసటి ఎండాకాలం సంఘం వాళ్లు సామూహిక పెళ్లిళ్లు చేశారు. లింబాద్రి కొత్త డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీసి సైటు ముందు పేజీలో పెట్టాడు. అందులో పెద్ద ఫోటో మా అవ్వది. రోకలి పైకెత్తి ఉంది, ముఖమంతా చెమట, నోరంతా నవ్వు. చెబితే చూడటానికి వచ్చింది, బీడీ తంబాకు వాసన పోవడానికి స్నానం చేసి, మంచి చీర కట్టుకుని. తెర మీద తన ముఖం మీద తనే వేలు పెట్టి, గింత నల్లగున్ననా అంది. లేచి పోబుద్ధి కాక, మస్కట్ల గుడ కనవడ్తదా అని అడిగింది. కనబడుతుందన్నాను.

ఆ ఫోటో కిందే వచ్చింది ఆ రాత. రాసినవాడు "కులం బిడ్డ" అని పేరు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. రోకలి పట్టుకున్న ఈమె ముత్తైదువ కాదని, రుద్రూర్ దేవన్న పెళ్లామని, పుల్ల విరిచి పోయిన మనిషని రాశాడు. బోధన్‌లో మారుమనువు మనుషులతో పసుపు దంచిస్తారా అని అడిగాడు. ఆమెకొక ఆడపిల్ల ఉందట, అది ఎవరి బిడ్డో అది కూడా కనుక్కోండి అని ముగించాడు.

ఎవరినో చూసి ఎవరో అనుకున్నాడని మొదట నవ్వాను. నవ్వుతుండగానే బాయి మెట్లు గుర్తొచ్చాయి. మా గల్లీ బాయికి మెట్లు లేవు. గిలకా తాడూ ఉన్న చేదబాయి అది. ఇరవై ఏళ్లు ఆ బాయి నీళ్లు తాగి, ఆ మెట్ల కథ నమ్మాను.

ఇంటికి వెళ్లేసరికి అవ్వ ఆకు కత్తిరిస్తోంది, బాపు అంగడికి మూట కడుతున్నాడు. చదివింది చదివినట్టు చెప్పాను. కత్తెర ఆగింది. దేవన్న ఎవరని ఆమె అనలేదు. అబద్ధమని కూడా అనలేదు.

"ఎవల నోట్లెకెళ్లి వచ్చింది?" అని అడిగింది.

నోరు లేదని, కంప్యూటర్‌లో వచ్చిందని చెప్పాను. నోరు లేకుండా మాట ఎట్లా వస్తుందన్నట్టు నా ముఖంలోకి చూసింది. బాపు మూట వదిలేసి బయటికి పోయి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం అవ్వ చెప్పింది. పదహారేళ్లకు రుద్రూర్‌లో ఇచ్చారట. దేవన్న తాగితే కొట్టేవాడు, తాగకపోతే అనుమానంతో కొట్టేవాడు. ఒకరోజు రోకలిబండతోనే చెయ్యి విరగ్గొట్టాడు. నడిచి బోధన్ వచ్చేసింది. పుల్ల తెచ్చింది రాజనర్సే. కట్టు కట్టిన చేత్తో పుల్ల కొస పట్టుకోలేకపోతే కుడిచేత్తో పట్టుకోమన్నది కూడా ఆయనే. ఆ తర్వాత కొన్నేళ్లకు బాపు అంతా తెలిసే చేసుకున్నాడు. నేను బాపు బిడ్డనని చెప్పడానికి అద్దం చాలు, అదే ముక్కు, అదే చప్పిడి గదుమ. కానీ ఆ మాట అవ్వ నాకు చెప్పుకోవాల్సి వచ్చింది.

పక్కరోజు లింబాద్రితో చెప్పి ఆ రాత తీసేయించాను. సాయంత్రానికి మళ్లీ వచ్చింది, ఇంకో పేరుతో. మళ్లీ తీశాం, మళ్లీ వచ్చింది. ఎందుకు తీస్తున్నారు, బోధన్ వాళ్లు ఏం దాస్తున్నారని సూరత్ నుంచి ఇంకొకడు ఎత్తుకున్నాడు. మారుమనువు చేసుకుంటే తప్పేమిటని సోలాపూర్ నుంచి ఒకాయన రాస్తే, ఆయన ఇంటి ఆడవాళ్ల సంగతి అడిగారు. మస్కట్ తమ్ముళ్లు, పంచాయితీ ఏం చేస్తోంది, పెద్దమనిషి నిద్రపోతున్నాడా అని అడిగారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, ముక్కూ ముఖం తెలియని వాళ్లంతా మా అవ్వ మీద వాలారు.

ఈసారి తీయమంటే లింబాద్రి తీయనన్నాడు. చర్చ జరగాలి కదా అన్నాడు. సైటుకు ఇంత మంది ఎప్పుడూ రాలేదని, భివండి చీరల దుకాణం వాళ్లు ప్రకటన ఇస్తామన్నారని సంతోషం దాచుకోలేక చెప్పాడు. రాసింది తను కాదు, తనది గోడ మాత్రమే, గోడ మీద ఎవరో రాస్తే గోడను కొడతారా అన్నాడు. గోడ అయితే సున్నం వేయొచ్చు కదా అన్నాను. నవ్వాడు.

గల్లీలో మాత్రం మాతో ఎవరూ ఒక్క మాట అనలేదు. కట్టుబాటు ఉంది కదా. కానీ మా వాళ్లు ఎంత తెలివైనవాళ్లో అప్పుడే చూశాను. "నెట్ల ఏందో వచ్చిందట" అని మొదలుపెట్టేవాళ్లు. ఆ ముక్క ముందు పెడితే చాలు, ఎంతైనా మాట్లాడొచ్చు. తాము అన్నది కాదు కదా, నెట్టు అన్నది. కంప్యూటర్ ముఖం చూడని ఆడవాళ్లు గుంపుగా సెంటర్‌కు వచ్చి, గదేందో చదువు బిడ్డా అని నన్నే అడిగారు. నా తల్లి ముచ్చట నాతోనే చదివించుకోవాలని వచ్చారు. చదవనంటే లింబాద్రి చదివి పెట్టాడు. పెంటవ్వ కూడా వచ్చింది. నన్ను ఎత్తుకుని తిప్పి బాయి మెట్ల కథ చెప్పిన పెంటవ్వ, అన్నీ తెలిసిన పెంటవ్వ, నోట్లో కొంగు కుక్కుకుని కొత్త సంగతి విన్నట్టు విన్నది. మొదటి రాయి వేసినవాడు ఎవడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాయిని ఏరుకుని మళ్లీ వేసినవాళ్లు మాత్రం అందరూ నాకు తెలుసు.

ఆ నెలలోనే సుమిత్రమ్మ బిడ్డ పెళ్లి. సుమిత్రమ్మ మా ఎదురిల్లే, అవ్వకు చిన్ననాటి దోస్తు. పిలుపు వచ్చింది గానీ, సుమిత్రమ్మ తను రాకుండా పిల్లలతో చెప్పి పంపింది. అవ్వ వెళ్లింది, నేనూ వెంట వెళ్లాను. రోలు చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. అవ్వ అలవాటుగా కొంగు నడుముకు చుట్టి రోకలి అందుకోబోయింది. సుమిత్రమ్మ ముందుకు వచ్చి రోకలి మీద చెయ్యి వేసింది.

"నువ్వు కూసో గంగమణి. చేతులు నొస్తయి" అంది మెల్లగా.

ఎంత ప్రేమగా అందో. తిట్టి ఉంటే అవ్వ తిరిగి తిట్టి ఉండేది. అవ్వ గోడ పక్కన కూర్చుంది. రోకలి ఇంకొకామె చేతికి వెళ్లింది. దంచుతున్నంతసేపూ అవ్వ తన వంకర చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ చేతిని ఆమె దాచుకోవడం నేను చూడలేదు.

ఇంటికి వచ్చి పంచాయితీ పెట్టిస్తానంది. బాపు వద్దన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతది గంగమణి, ఊకో అన్నాడు. అవ్వ వినలేదు. పుల్ల విరిచిన నాడు కులం మాట ఇచ్చింది, ముచ్చట తీసినోళ్లకు తప్పు వేయాలి, ఆ తప్పు వేయిస్తానంది. ఆమెకు ఆ కట్టుబాటు మీద అంత నమ్మకం. దేవుడి మీద కూడా అంత ఉండేది కాదేమో.

సంఘం భవనంలో కూర్చున్నారు. మధ్యలో రాజనర్సు, పక్కన రాజమల్లు, మిగతా పెద్దలు. లింబాద్రి ఒక మూల కెమెరా మెడకు తగిలించుకుని ఉన్నాడు. గల్లీ అంతా వచ్చింది. అవ్వ లేచి నిలబడి మొదటి నుంచి చెప్పింది. రుద్రూర్‌లో తనను ఇచ్చారని, దేవన్న చెయ్యి విరగ్గొట్టాడని, ఇదే కులం ముందు పుల్ల విరిచిందని, ఇప్పుడు ఆ సంగతి నెట్టులో రాశారని చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా పళ్ల బిగువున పట్టిన మాటలు అన్నీ వరుసగా వచ్చేశాయి.

"పెద్దబాపు, నువ్వే పుల్ల తెచ్చినవు. ముచ్చట సచ్చిందన్నవు. దాన్ని లేపినోళ్లను పిలువు" అంది రాజనర్సుతో.

రాజనర్సు లింబాద్రిని అడిగాడు, రాసింది ఎవరని. తెలియదన్నాడు లింబాద్రి. ఏ ఊరని అడిగాడు. భివండి కావొచ్చు, మస్కట్ కావొచ్చు, ఇక్కడ నా సెంటర్‌లో కూర్చునే రాసి ఉండొచ్చన్నాడు. ఆ పేరు మనిషిని పిలిపించు అన్నాడు రాజనర్సు. అది పేరు కాదని, అట్లాంటి మనిషి ఉండడని లింబాద్రి చెప్పాడు. రాజనర్సుకు అర్థం కాలేదు. తన పిలుపుకు రాని మనిషి ఈ కులంలో ఉంటాడని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. గల్లీలో ఎవరైనా అయితే గుంజుకొచ్చి కూర్చోబెట్టేవాడు.

అప్పుడు రాజమల్లు గొంతు సవరించుకున్నాడు. ఏ తీర్పు లేకుండా లేస్తే రేపు నెట్టులో బోధన్ పంచాయితీకి దమ్ము లేదని రాస్తారని అన్నాడు. కట్టుబాటు ప్రకారమే పోదామన్నాడు. ముచ్చట ఎవరి నోటి నుంచి వస్తే వాళ్లకే తప్పు. కంప్యూటర్‌కు నోరు లేదు. గల్లీలో ఎవరి నోటి నుంచీ రాలేదు, అందరూ నెట్టులో వచ్చిందన్నారు తప్ప తాము అనలేదు.

"ఇయ్యాల గీ కులం ముంగట ఎవల నోట్లెకెళ్లి వచ్చింది? గంగమణి నోట్లెకెళ్లే గద" అన్నాడు.

ఎవరో ఒకరు, అది అన్యాయమని అంటారనుకున్నాను. కొందరు తలలు దించుకున్నారు, కొందరు ఊపారు. సుమిత్రమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. చదివింది నేను, ఇంటికి మోసింది నేను, తప్పు నాకు వేయండని నేను లేచాను. పెళ్లి కాని పిల్లకు పంచాయితీలో మాట లేదని కూర్చోబెట్టారు. రాజనర్సు అవ్వ వైపు చూడలేదు. లింబాద్రి మెడలోని కెమెరా వైపు చూశాడు. మీసం దువ్వుకుని, కట్టుబాటు అందరికీ ఒకటే అని చెప్పి, గంగమణి కులానికి బువ్వ పెట్టాలన్నాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం నేను కథల్లో విన్నాను. ఇక్కడ అత్త ఎవరో కూడా తెలియకుండా దుత్త పగిలింది.

నేను పెట్టొద్దన్నాను. బాపు కూడా, మోస్రా పోదాం, ఈ గల్లీ మనకొద్దన్నాడు. అవ్వ పెడదామంది. తప్పు కట్టినంక ముచ్చట మళ్లీ చస్తుంది, మళ్లీ రోకలి ఇస్తారు అంది. బాపు మూటలోని సరుకంతా అయినకాడికి అమ్మాడు. అవ్వ తనే వండింది, తనే వడ్డించింది. కులం బాగానే తిన్నది. చారు బాగుందని మళ్లీ పోయించుకున్నారు. లింబాద్రి ఫోటోలు తీశాడు. మర్నాడు సైటులో, అవ్వ వంగి వడ్డిస్తున్న ఫోటో కింద, తప్పు ఒప్పుకుని కులానికి బువ్వ పెట్టిన గంగమణి అని రాశాడు. పెద్దమనిషికి జై అని మస్కట్ నుంచి వచ్చింది. నేను ఆ రోజే పని మానేశాను.

అవ్వ అన్నట్టే గల్లీ మళ్లీ నోరు మూసుకుంది. కొన్ని రోజులకు రాజనర్సు తనే కుంకుమ భరిణె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన మనవరాలి పెళ్లి, వరుడిది భివండి. మొదటి పోటు నువ్వే వేయాలె బిడ్డా అన్నాడు. తన తీర్పు నిలబడిందని చూపించుకోవాలి కదా. నాకు అర్థమైంది, అవ్వకు కూడా అర్థమయ్యే ఉంటుంది. అయినా ఆమె ముఖం వెలిగింది. పెట్టెలోంచి మంచి చీర తీసింది.

అందరూ చూస్తుండగా అవ్వ పసుపు దంచింది. మొదటి పోటు, చివరి పోటు ఆమెదే. లింబాద్రి ఫోటో తీశాడు. పసుపు జల్లెడ పట్టి వెండి గిన్నెలో పోసి లోపలికి తీసుకుపోయారు. అవ్వ చెమట తుడుచుకుంటూ, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను.

పెరట్లో గిన్నెలు తోమే బండ పక్కన, బూడిదలో, ఆ పసుపు కుప్పగా పడి ఉంది. ఇంకా వేడి తగ్గని పసుపు. వెండి గిన్నె కడిగి బోర్లించి ఉంది. వంటింటి కిటికీలోంచి కనబడుతోంది, భివండి నుంచి వచ్చిన వియ్యపురాలు దుకాణం పాకెట్ పళ్లతో చింపి, కొత్త గిన్నెలో పోస్తోంది. పక్కన రాజనర్సు కోడలు నిలబడి ఉంది. ఇద్దరూ మమ్మల్ని చూడలేదు.

రాజనర్సు అప్పుడే పెరట్లోకి వచ్చాడు. కుప్పనూ చూశాడు, అవ్వనూ చూశాడు. ముసలాయన ముఖంలో నెత్తురు లేదు.

"వాళ్లు నెట్ల సదివిండ్రట బిడ్డా. మన తీర్పు వాళ్లకు సెల్లదట. నేనేం జెయ్యాలె" అన్నాడు.

అవ్వ పొయ్యి కోసం పెట్టిన కట్టెల మోపు దగ్గరికి వెళ్లి, వెతికి ఒక ఎండుపుల్ల తీసింది. తెచ్చి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస రాజనర్సు ముందు పెట్టింది. ఆయన చెయ్యి లేవలేదు. ఎంతమందితో పట్టించి ఉంటాడు ఆ పుల్లను, తను పట్టాల్సి వచ్చేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అవ్వ రెండో కొస కూడా ఆ వంకర చేత్తో తనే పట్టుకుని విరిచింది. ఒక ముక్క ఆయన కాళ్ల దగ్గర వేసి, రెండోది వెనక్కి పారేసింది.

"మీకూ నాకూ ముచ్చట సచ్చింది, పెద్దబాపు" అంది. పెళ్లి పందిట్లోంచే నడిచి ఇంటికి వచ్చేశాం. బాజాలు మోగుతూనే ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత నేను ఉండబట్టలేక ఇంకో సెంటర్‌కు వెళ్లి సైటు చూశాను. ముందు పేజీలో అవ్వ ఫోటో. రోకలి పైకెత్తి ఉంది. కింద మన ఆచారం, మన గౌరవం అని పెద్ద అక్షరాల్లో రాశారు. దాని కింద పొడుగునా శుభాకాంక్షలు. ఆ పక్క ఫోటోలో పెళ్లికూతురి బుగ్గల మీద పాకెట్ పసుపు మెరుస్తోంది.

ఇంటికి వచ్చి, అవ్వా నీ ఫోటో మళ్లీ పెట్టిండ్రు, ఏం రాసిండ్రో తెలుసా అని మొదలుపెట్టాను. ఆమె చాటలోంచి తల ఎత్తలేదు.

"పుల్ల విరిసిన గద. మల్ల కులం ముచ్చట ఈ ఇంట్ల తీస్తే నీకే తప్పు" అంది.

మా అవ్వ ఉన్నన్నాళ్లూ నేను మళ్లీ తీయలేదు.